నోటుబుక్కులో కట్టిన కల్వర్టు

మా ఊరి పేరు ఎందుకు లెండి. నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది, ఆ తర్వాత నా పెన్షన్ కాగితాలు కూడా ఇదే ఆఫీసులో కదలాలి. ఒక మధ్యరకం మునిసిపాలిటీ అనుకోండి. ముప్ఫై వార్డులు, రెండు సినిమా హాళ్ళు, ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోయే ఒక మురుగు కాలవ. అందులో టపా సెక్షన్ నాది, పేరు మంగతాయారు. ఆఫీసులోకి వచ్చే ప్రతి కాగితం మొదట నా బల్ల మీదికే వస్తుంది. దాని నెత్తిన గుండ్రటి ముద్ర కొట్టి, తేదీ వేసి, నంబరు రాసి, చేరాల్సిన సెక్షన్‌కి పంపిస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ముద్ర పడేదాకా అది కాగితం, పడ్డాక అది ఫైలు. ఈ తేడా తెలియనివాళ్ళు మా ఆఫీసులో ఒక్కరోజు కూడా బతికి బట్టకట్టలేరు.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో కొత్త కమిషనర్ గారు వచ్చారు. ముప్ఫై దాటని వయసు, సాయంత్రం దాకా ఇస్త్రీ నలగని చొక్కా, ఎవర్నీ కసురుకోని నోరు. మంచి మనిషి. వచ్చాక ఆయన చేసిన పొరపాటల్లా ఒక్కటే, ఎక్కడికో మూడు రోజుల శిక్షణకి వెళ్ళి రావడం. ఉద్యోగులకి ఇంగ్లీషు వస్తే ఊళ్ళు వాటంతటవే బాగుపడతాయని అక్కడ ఎవరో ఆయనకి చెప్పారట. తిరిగొచ్చిన మర్నాడే మీటింగు హాల్లో అందరినీ కూర్చోబెట్టి సర్క్యులరు చదివించారు.

చదివింది మా మేనేజరు శేషావతారం గారు. ఆయన మాట్లాడినా ఫైలు మీద నోటు రాసినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ అడగాలన్నా "కాఫీ సరఫరా నిమిత్తము" అంటారని వాళ్ళావిడే నాతో చెప్పింది.

"విషయము, ఆంగ్ల క్రియాపదముల కాలభేదములు మరియు వాక్యరూపముల దైనందిన అభ్యాసము గురించి," అని గొంతు సవరించుకున్నారు. "తెలియజేయునది ఏమనగా, ఈ కార్యాలయపు ప్రతి ఉద్యోగియు ప్రతిదినము ఉదయము పదిన్నర గంటలలోపు ఒక క్రియాపదమును తీసుకొని, దానిని భూత, భవిష్యత్, వర్తమాన కాలములందును, అవునను, కాదను, ప్రశ్నించు రూపములందును ఇమిడ్చి, పది వాక్యములు నోటుబుక్కునందు వ్రాసి, క్రింద తేదీతో సంతకము చేయవలెను. వ్రాయని వారు ఆ దినమున కార్యాలయమునకు రానట్లు పరిగణింపబడుదురు."

వెనక బెంచీలోంచి ఎవరో "వచ్చి కళ్ళెదుట కూర్చున్నా కూడానా?" అన్నారు.

"కూర్చొనుట వేరు, వచ్చుట వేరు," అన్నారు శేషావతారం గారు.

కమిషనర్ గారు లేచి చిరునవ్వుతో ఒక్క సవరణ చెప్పారు. "రాముడు రావణుణ్ణి చంపాడు, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఇలాంటివి వద్దండీ. ఎవరి పనిలోంచి వాళ్ళు వాక్యాలు తీసుకోండి. మీరు రోజూ చేసే పనే మీకు పాఠం కావాలి."

మాట బాగుంది, మేమంతా చప్పట్లు కూడా కొట్టాం. ఆ ఒక్క సవరణ లేకపోయుంటే నేనివాళ ఈ కథ చెప్పేదాన్ని కాదు.

మర్నాడు పదిన్నరకల్లా ఎనభై నాలుగు నోటుబుక్కులు తయారయ్యాయి. వాటిని తీసుకుని శేషావతారం గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మంగతాయారు గారూ, వీటికి నంబర్లు వేయండి."

"ఇవి కాపీ పుస్తకాల్లాంటివి కదండీ. నంబర్లెందుకు?"

"కమిషనర్ వారు వీటిని స్వయముగా పరిశీలింతురు. నంబరు లేని కాగితము కమిషనర్ వారి బల్ల మీద ఉండుట కార్యాలయ పద్ధతికి విరుద్ధము. ఇందులో సంతకము ఉన్నదా?"

"ఉంది."

"తేదీ?"

"ఉందండీ."

"సంతకమును తేదీయు ఉన్న పిమ్మట అది కాపీ పుస్తకము ఎట్లగును?"

ముద్ర తీసుకుని మొదలుపెట్టాను. రోజుకి ఎనభై నాలుగు పేజీలు, ఎనభై నాలుగు దెబ్బలు. పక్క సెక్షన్ వాళ్ళు తలనొప్పి మాత్రలు దగ్గర పెట్టుకుని కూర్చునేవారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నేను నంబరు వేసిన ప్రతి కాగితమూ కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఎక్కిన పదిహేను రోజుల్లోగా దాని మీద ఏదో ఒక చర్య తీసుకుని ఫైలు మూసెయ్యాలి. మూయకపోతే దాని పక్కన ఎర్ర గీత పడుతుంది, ఆ గీత జిల్లా ఆఫీసులో కూడా కనిపిస్తుంది. మా వాళ్ళు పులికి భయపడరు, కోర్టుకి భయపడరు. ఎర్ర గీతంటే మాత్రం చమటలు పడతాయి. రెండు వారాలు తిరిగేసరికి దాదాపు వెయ్యి నోటుబుక్కు పేజీలు కంప్యూటర్లో గీతకి సిద్ధంగా నిలబడ్డాయి.

శేషావతారం గారు ఒక పూటంతా తలుపు వేసుకుని కూర్చుని విధివిధానాలు తయారుచేశారు. జరిగింది అని రాస్తే అది నివేదిక, పూర్తయిన పనుల్లో చేర్చాలి. జరుగుతుంది అంటే ప్రతిపాదన. జరగలేదు అంటే రాసినవాడి నుంచి సంజాయిషీ కోరాలి. జరిగిందా అని అడిగితే సంబంధిత సెక్షన్ జవాబివ్వాలి. ఆ కాగితాన్ని చూసి ఆయన ఎంత మురిసిపోయారంటే, దాన్ని కూడా నా దగ్గరికి తెచ్చి ముద్ర వేయించుకున్నారు.

మొదట దొరికిపోయింది శానిటరీ ఇన్‌స్పెక్టర్ గురవయ్య. వీధి కుక్కలు ఆయన పరిధిలోవి, అందుకని కరవడం అనే క్రియ తీసుకున్నాడు. కుక్క కరుస్తుంది, కుక్క కరిచింది, కుక్క కరుస్తుందా, ఇలా తొమ్మిది వాక్యాలు బాగానే నడిపాడు. పదోది దొరక్క, కుక్క కమిషనర్ గారిని కరవలేదు అని రాశాడు. రెండో రోజు మెమో వచ్చింది. కుక్క కమిషనర్ వారిని కరవకపోవుటకు గల కారణములు మూడు దినములలోగా తెలుపవలెను. గురవయ్య తక్కువవాడు కాదు. సదరు కుక్క మునిసిపల్ ఉద్యోగి కానందున దానికి ఈ విషయమై ఎట్టి ఆదేశములు అందలేదని జవాబిచ్చాడు. జవాబు సంతృప్తికరంగా ఉందని ఫైలు మూసేశారు.

ఆ తర్వాత అందరికీ తెలివి వచ్చింది. ఎవరికీ తగలని క్రియలు వెతుక్కోసాగారు. రెవెన్యూ సెక్షన్ మొత్తం కూర్చోవడం అనే క్రియ పట్టుకుంది. మేం కూర్చుంటాం, కూర్చున్నాం, కూర్చుంటూ ఉన్నాం, రేపు కూడా కూర్చుంటాం. ఆ నెల ప్రగతి నివేదికలో రెవెన్యూ సెక్షన్ పని కింద అవే వాక్యాలు జిల్లాకి వెళ్ళాయి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు.

ఈ తెలివి రానివాడు ఒక్కడే మిగిలాడు, వర్క్ ఇన్‌స్పెక్టర్ నాగుల్‌మీరా. సైకిల్ మోటారు మీద ఊరంతా తిరిగి గోడలు, తూములు చూసుకునే మనిషి. పదో తరగతి రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ఇంగ్లీషే అడ్డం పడింది. ఆయనకి ఖాయంగా తెలిసిన క్రియ ఒక్కటే, సిమెంటు కంపెనీ క్యాలెండరు మీద ఉండే బిల్డ్. కట్టడం. ఏం కట్టాలా అని ఆలోచిస్తే రోజూ కళ్ళబడే తొమ్మిదో వార్డు కల్వర్టు గుర్తొచ్చింది. పాపం, రాశాడు. నేను కల్వర్టు కడతాను, కడుతున్నాను, కట్టాను. కింద సంతకం, తేదీ. దాని నెత్తిన నా ముద్ర, నంబరు పదకొండు వందల నలభై ఏడు.

ఆ కల్వర్టు కథ కొంచెం చెప్పాలి. మురుగు కాలవకి అవతల ఒడ్డున తొమ్మిదో వార్డు. రెండేళ్ళ కిందట ఇటుకల ట్రాక్టరు ఎక్కి పాత కల్వర్టు కూలిపోయింది. వార్డు జనం రెండు తాటిమొద్దులు అడ్డంగా వేసుకుని వాటి మీద నడుస్తున్నారు. మనుషులు ఎలాగో దాటతారు, దీనమ్మ బండి దాటదు. దీనమ్మది ఇడ్లీ బండి. నలభై ఐదేళ్ళ మనిషి, గట్టి మనిషి, పెద్దాసుపత్రి గేటు ముందు పదేళ్ళుగా పెట్టుకున్న చోటు. కల్వర్టు కూలినప్పటినుంచీ బండి ఇంటి ముందు నిలబడింది, ఇడ్లీ గిన్నె ఆమె నెత్తికెక్కింది. బండి తోసుకుని రైలు గేటు చుట్టూ తిరిగొస్తే రోగుల బంధువులు ఎక్కడో ఒకచోట తినేసి ఉంటారు. నెత్తిన పెట్టుకుని మొద్దుల మీద వస్తే బండిలో పట్టేదానికి మూడోవంతు కూడా రాదు. పదకొండు అర్జీలు ఇచ్చింది. పదకొండింటి మీదా ముద్ర నాదే.

మార్చి నెలలో ఒకరోజు పన్నెండో అర్జీ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళి, అదే అర్జీతో బయటికి వచ్చి నా ముందు నిలబడింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"కట్టేశారంటగదా, అమ్మగారూ."

"ఏం కట్టేశారు దీనమ్మా?"

"మా కల్వర్టు. లోపల ఇంజినీరు బాబు కంప్యూటర్లో చూసి చెప్పాడు. పని పూర్తయిందంట, ఇంక అర్జీ తీసుకోరంట. నేనేమో ఇయ్యాల పొద్దున ఆ మొద్దు మీంచే జారా. చట్నీ క్యాను కాలవలో పోయింది. కట్టినాక గూడా జారుద్దా అని అడుగుదామని మీ కాడికొచ్చా."

నేను ఆమె చేతిలోని అర్జీ తీసుకుని చూశాను.

"వానలు పడితే ఆ మొద్దులు పాచి పడతయ్యి. నా మోకాళ్ళు ఇంక ఒప్పుకోవట్లేదు. తొలకరి లోపల ఏదో ఒకటి తేలకపోతే బండి అమ్మేసి మా చెల్లెలి ఊరు పోతానమ్మగారూ. అదొక్క మాట చెప్పండి, కట్టారా లేదా?"

ఇరవై రెండేళ్ళలో ఇంత సులువైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు, జవాబు చెప్పలేక తల దించుకోవడమూ అదే మొదలు. ఆమెని కూర్చోబెట్టి ఏఈ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన మా అసిస్టెంట్ ఇంజినీరు, కుర్రవాడు, కంప్యూటర్ మీంచి కళ్ళు తియ్యడు.

"మేడం, నాకు మూడు వాక్యాలొచ్చాయి," అన్నాడు. "కడతాను అన్నదాన్ని ప్రతిపాదనల్లో వేశా. కడుతున్నాను అన్నదాన్ని జరుగుతున్న పనుల్లో వేశా. కట్టాను అన్నదాన్ని పూర్తయిన పనుల్లో వేయకుండా ఇంకెక్కడ వెయ్యను? పదమూడో రోజు అప్పటికి."

"ఒకసారి వెళ్ళి చూడాల్సింది కదా, బాబూ."

"పని పూర్తయ్యాక ఇంక సైటుకెందుకు మేడం?"

అంటూ గోడకి వేలాడుతున్న అద్దం ఫ్రేము చూపించాడు. చిన్న వంతెనల నిర్మాణంలో నూరు శాతం సాధించినందుకు జిల్లా ఆఫీసు నుంచి కమిషనర్ గారికి వచ్చిన ప్రశంసాపత్రం. మా ఊళ్ళో కూలిన వంతెన అదొక్కటే, కట్టినట్టు రాసిందీ అదొక్కటే. లెక్క ప్రకారం నూరు శాతమే.

సాయంత్రం నాగుల్‌మీరాని పిలిచి సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "రేపే సరిచేస్తానక్కా," అన్నాడు. మర్నాడు నోటుబుక్కులో కష్టపడి రెండే వాక్యాలు రాసి, మిగతా ఎనిమిది వాటినే తిరగరాశాడు. నేను కల్వర్టు కట్టలేదు. కల్వర్టు లేదు. మనిషి నిజాయితీపరుడు, ముద్ర వేస్తున్నప్పుడు నాకూ ప్రాణం కుదుటపడింది.

నాలుగో రోజు ఆయన ఒక మెమో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"చదివిపెట్టు అక్కా. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నయ్యి."

చదివాను. "పూర్తియైనదని మీరే సంతకము చేసి తెలియజేసిన కల్వర్టు ప్రస్తుతము లేదని మీరే సంతకము చేసి తెలియజేసియున్నారు. ఈ మధ్యకాలమున సదరు కల్వర్టు ఏమైనదియు, దానిని ఎవరు కూల్చివేసిరో, ఆ సమయమున మీరు ఎచట ఉంటిరో వారము దినములలోగా తెలుపవలెను. లేనియెడల ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించినట్లు భావించి మిమ్ములను సస్పెండు చేయుట జరుగును."

"ఇరవై ఏళ్ళలో ఒక్క మెమో లేదక్కా నాకు. చిన్నప్పటినుంచీ ఇంగ్లీషంటే ఎందుకో భయంగా ఉండేది. ఇందుకేనేమో," అన్నాడు నాగుల్‌మీరా.

నాకు కోపం వచ్చింది. కోపంకంటే ముందు సిగ్గేసింది. ఆ మెమోకి మూలం పదకొండు వందల నలభై ఏడు, ఆ నంబరు నా చేతిరాతలో ఉంది. ముద్ర కొట్టేముందు కాగితంలో ఏముందో చదవడం నేనెప్పుడో మానేశాను. చదివుంటే ఆ పేజీని సొరుగులో వేసుకునేదాన్ని.

నేరుగా శేషావతారం గారి దగ్గరికి వెళ్ళాను.

"అది అభ్యాసం కోసం రాసిందండీ. పలక మీద రాసుకున్నట్టు."

"అభ్యాసము విధినిర్వహణలో భాగమని సర్క్యులరు నాలుగవ పేరాలో స్పష్టముగా ఉన్నది. విధినిర్వహణలో వ్రాసినది అసత్యమగుటకు వీలు లేదు."

"వంతెన లేదు కదండీ. మీరూ నేనూ ఇప్పుడే నడిచి వెళ్ళి చూడొచ్చు."

"చూచుట వ్యక్తిగతము. లేదని చెప్పుటకు కార్యాలయము వద్ద కాగితము ఉన్నదా?"

"ఉంది. మీరా రాసింది."

"అది కూల్చివేతకు సాక్ష్యము," అన్నారు ఆయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆ మనిషి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఆయన అబద్ధం ఆడటం లేదు, కుట్ర చేయటం లేదు. కాగితం చెప్పింది వింటున్నారు, అంతే. కాబట్టి ఆయనకి వినిపించే కాగితమే కావాలి. బయటికి వస్తుంటే నోటీసుబోర్డు మీద కొత్త సర్క్యులరు కనబడింది. వచ్చే సోమవారం నుంచి ఆజ్ఞార్థక వాక్యముల అభ్యాసము ప్రారంభింపబడును, మొదటి వాక్యమును కమిషనర్ వారు తమ సొంత నోటుబుక్కునందు వ్రాసి మార్గదర్శనము చేయుదురు. గిరుక్కున వెనక్కి తిరిగి మళ్ళీ ఆయన గదిలోకి వెళ్ళాను.

"ఈ ఆజ్ఞా వాక్యాలు వస్తే ఏ సెక్షన్‌కి పంపాలండీ?"

"మంచి సందేహము," అని ఆయన ముచ్చటపడ్డారు. "వ్రాసిన వారిని బట్టి యుండును. క్రిందివారు పైవారికి వ్రాసిన యెడల అవిధేయత. సమానులు పరస్పరము వ్రాసికొనిన యెడల వాగ్వాదము. పైవారు క్రిందివారికి వ్రాసిన యెడల," అని కుర్చీలో నిటారుగా అయ్యారు, "అది ఉత్తర్వు. పదిహేను దినములలో అమలు ప్రారంభము కావలెను."

మా ఆఫీసులో సోమవారం అర్జీల రోజు. ఆదివారం సాయంత్రం నేనే ఆ తాటిమొద్దులు దాటి దీనమ్మ ఇంటికి వెళ్ళాను. చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ దాటాను. రెండేళ్ళుగా ఆమె రోజూ ఇది చేస్తోందని కాగితాల్లో పదకొండుసార్లు నంబరు వేశాను గాని, నా కాళ్ళకి తెలియడం అదే.

"రేపు అర్జీ రాయించకు," అన్నాను. "పొడుగు కథ కూడా వద్దు. మొద్దులు, మోకాళ్ళు, చట్నీ ఏవీ వద్దు. కమిషనర్ గారు ఏం కావాలమ్మా అని అడిగితే రెండు మాటలు చెప్పు. కల్వర్టు కట్టండి."

"పన్నెండు అర్జీలకి కానిది రెండు మాటలకి అవుద్దా?"

"నువ్వు చెప్పు. ముద్ర నాది."

సోమవారం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో మేం ఎనభై నాలుగు మంది, వెనక గోడ వెంట అర్జీదారులు. కమిషనర్ గారు తెల్లబోర్డు పక్కన నిలబడి హుషారుగా మొదలుపెట్టారు.

"ఆజ్ఞ అంటే కసురుకోవడం కాదండీ. అక్కర్లేని మాటలన్నీ తీసేసి, కావలసింది సూటిగా చెప్పడం. మన పనిలోంచి ఒక ఉదాహరణ చెప్పండి. ఎవరైనా."

ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. గురవయ్య ఫ్యాను వంక చూస్తున్నాడు, రెవెన్యూ సెక్షన్ మొత్తం కూర్చునే క్రియలో లీనమైపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"సార్, అర్జీదార్లలో ఒకావిడని అడుగుదామా? పని మనదైనా అవసరం వాళ్ళది కదా."

ఆయన కళ్ళు మెరిశాయి. "ఎంత మంచి మాట చెప్పారు. రండమ్మా, ఇలా ముందుకి రండి. మీకేం కావాలి?"

దీనమ్మ ముందుకి వచ్చింది. రెండేళ్ళ కథంతా గొంతు దాకా వచ్చిందని ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది. మింగేసింది.

"కల్వర్టు కట్టండి సార్."

"చూశారా," అన్నారు కమిషనర్ గారు మా వైపు తిరిగి. "ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు." బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు, బిల్డ్ ది కల్వర్ట్. "ఎక్కడమ్మా?"

"తొమ్మిదో వార్డులో."

"ఎప్పటికి?"

"తొలకరి లోపల."

రెండూ చేర్చారు. అదే వాక్యాన్ని తన నోటుబుక్కులో అందంగా దించి, నియమం నియమమే కాబట్టి కింద సంతకం పెట్టి తేదీ వేశారు. అందరం చప్పట్లు కొట్టాం. ఏఈ కుర్రవాడు కూడా కొట్టాడు, ఇంకా అర్థం కాక.

పదకొండు గంటల పది నిమిషాలకి ఆ నోటుబుక్కు నా బల్ల మీదికి వచ్చింది. ఈసారి చదివాను, రెండుసార్లు చదివాను. ముద్రని సిరాలో బాగా అద్ది కొట్టిన దెబ్బకి బల్ల మీది గాజు పలక బీట వారింది. ఆ గాజు ఇప్పటికీ మార్చలేదు, మార్చనివ్వను.

మధ్యాహ్నానికి ఏఈ పరుగెత్తుకుంటూ శేషావతారం గారి గదిలోకి వచ్చాడు. టపా రిజిస్టరు మీద సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"ఇది ఉత్తర్వు," అన్నారు శేషావతారం గారు కాగితం చూసి.

"ఆ కల్వర్టు కట్టేశాం కదండీ. కట్టినదాన్ని మళ్ళీ ఎలా కడతాం? ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు."

"కట్టలేదని వ్రాయుడు."

"ప్రశంసాపత్రం వెనక్కి ఇవ్వాలండీ."

శేషావతారం గారు మూడు టీలు తాగారు. మూడో టీ సగంలో ఉండగా ఆయన మొహం వెలిగింది.

"ఉత్తర్వులో పాత కల్వర్టు అని ఉన్నదా?"

"లేదండీ. కల్వర్టు అనే ఉంది."

"అట్లయిన కొత్తది నిర్మింపుడు. పాతదాని ప్రక్కన."

"పాత వంతెనకీ కొత్త వంతెనకీ మధ్య కనీసం పది అడుగులు ఉండాలండీ, రూలు."

"పది అడుగులు వదలుడు."

"పాతది బాగుండగా కొత్తదెందుకని అడిగితే?"

"అది బాగుగా లేదని ధ్రువీకరింపుడు. నేనును సైటుకు వచ్చెదను."

రెండో రోజు అందరం వెళ్ళాం. నాకక్కడ పని లేదు, ఈ విడ్డూరం చూడకుండా ఉండలేక సెలవు పెట్టి మరీ వెళ్ళాను. నాగుల్‌మీరా టేపు పట్టుకుని తాటిమొద్దు మీద నిలబడ్డాడు.

"పాత కల్వర్టు అంచు ఎక్కడయ్యా?" అని ఏఈ గట్టు మీంచి అడిగాడు.

నాగుల్‌మీరా గాలిలో కాసేపు వెతికి, "ఈడ్నే సార్," అని టేపు కొస అక్కడ పట్టుకున్నాడు. అక్కడినుంచి సరిగ్గా పది అడుగులు కొలిచి ముగ్గు పోశారు. అవతలి గట్టు మీద దీనమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఆ పక్కకి ఎందుకు బాబూ? ఇక్కడే కట్టచ్చుగా," అంది.

"ఇక్కడ ఉందిగా," అన్నాడు ఏఈ.

పది అడుగులు పక్కకి జరిగితే ఆమెకి పోయేదేం లేదు.

శేషావతారం గారు గట్టు మీదే నిలబడి ధ్రువపత్రం చెప్పి రాయించారు. "సదరు పాత కల్వర్టును స్థలమునందు పరిశీలింపగా, అది ప్రస్తుతము కంటికి ఆనునంతటి స్థితిలో లేదని తేలినది." ముప్ఫై ఐదేళ్ళ సర్వీసులో ఆయన రాసినవాటిలో ఇంత నిజమైన వాక్యం ఇంకోటి ఉండదని నా నమ్మకం. ఆ ధ్రువపత్రంతోనే నాగుల్‌మీరా గండం కూడా గడిచింది. పాత కల్వర్టు బలహీనంగానైనా ఉన్నట్టే కాబట్టి ఎవరూ దాన్ని కూల్చనట్టే. మెమో రద్దయింది. ఆ కాగితం నేనే స్వయంగా తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. మనిషి కళ్ళు తుడుచుకుని, సైకిల్ మోటారు ఎక్కి నేరుగా పని దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ వంతెనని నాగుల్‌మీరా కట్టించినట్టు ఎవరూ కట్టించి ఉండరు. కంకర దగ్గర నిలబడ్డాడు, సిమెంటు పాళ్ళు తనే చూసుకున్నాడు, శ్లాబు మీద గడ్డి పరిచి పూటపూటకీ నీళ్ళు కొట్టించాడు. ఇంగ్లీషులో ఒకసారి కట్టినదాన్ని నిజంగా కడుతున్నాననే సంతోషం ఆ మొహంలో కనిపించేది. మే నెలాఖరుకి పూర్తయింది. అది పూర్తయిందని మాత్రం ఎవరూ నోటుబుక్కులో రాయలేదు, భయంతో.

జూన్ మొదటి వారంలో ప్రారంభం. రిబ్బను కత్తిరించగానే కమిషనర్ గారిని పక్కకి జరగమని, దీనమ్మ ఇడ్లీ బండిని తోసుకుంటూ వంతెన ఎక్కింది. రెండేళ్ళుగా కదలని చక్రాలు కిర్రుమన్నాయి, గిన్నె మూత టకటకలాడింది. నడిమధ్యకి వచ్చి ఆగి, కిందికి కాలవలోకి ఒకసారి చూసి, మళ్ళీ తోసుకుంటూ ఇవతలి గట్టుకి వచ్చింది. మొదటి పళ్ళెం కమిషనర్ గారికి, రెండోది నాగుల్‌మీరాకి, మూడోది నాకు.

వంతెన మీదే నిలబడి తింటూ తింటూ కమిషనర్ గారి చూపు పక్కకి తిరిగింది. కొత్త వంతెనకి పది అడుగుల అవతల, మొద్దులు తీసేసిన చోట, గట్టున రెండు ఇనుప కమ్మీల మీద కొత్త బోర్డు ఉంది. దాని ముందు కాలవ, పైన ఆకాశం. ఆయన చాలాసేపు అటే చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"మంగతాయారు గారూ, పాత వంతెన ఎక్కడ?"

"నోటుబుక్కులో సార్."

ఆయన నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. నిదానంగా మింగి, కాళ్ళ కింద ఉన్న శ్లాబు వంక అనుమానంగా చూసుకున్నారు.

"ఇదీ...?"

"తొక్కి చూడండి సార్."

ఆ ఇస్త్రీ చొక్కా మనిషి రెండు కాళ్ళతో గట్టిగా రెండుసార్లు తొక్కి చూశారు. తర్వాత ఆగకుండా నవ్వారు. మర్నాడు అభ్యాసమును తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనదని సర్క్యులరు వచ్చింది. నేను పూర్తిగా చదివాకే ముద్ర వేశాను.

పాత కల్వర్టు మాత్రం కాగితాల్లో పదిలంగా ఉంది. ఏటా దానికి సున్నం వేయించే బాధ్యత నాగుల్‌మీరాది. వేసినట్టు రాయమంటే ఇంగ్లీషు రాదని తప్పించుకుంటున్నాడు. గట్టున ఆ బోర్డు కూడా ఇంకా అలాగే ఉంది. శిథిలావస్థలో ఉన్న వంతెన, దీనిపై నడవరాదు, ఇట్లు కమిషనర్. ఇక్కడ చెత్త వేయరాదు, ఇక్కడ ఉమ్మరాదు అని మా మునిసిపాలిటీ ఊరంతా ఎన్ని బోర్డులు పెట్టిందో నాకు లెక్క తెలియదు గాని, జనం ఒక్కరు కూడా తప్పకుండా పాటిస్తున్నది ఇదొక్కటే.